తెగులు రాకపూర్వమే తెలియునా?
(లక్సెట్టిపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు ఒక విశ్రాంతోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



సంఘ కార్యదర్శులు నన్ను మాటాడుమని కోరినప్పుడు ఏదో పురాణవిషయము గాని, వ్యాకరణవిషయము గాని చెప్పుదునని తలచియుందురు. నేను కోరుకొన్న విషయము వినగానే వారు కొంత వింతపడిరి. పైరులకు రాబోవు తెగుళ్లను యంత్రములు ముందుగా చెప్పగలవను మాటలో నిజమెంత? దానివలన మన పల్లెలకు కలుగు మేలెంత? ఆ మేలు మనకు చేరవలెనన్న మన వంతు పని యేమి? ఇదియే నేటి నా ప్రసంగము. మనలో పెక్కుమంది సేద్యము మీదనే బ్రదుకువారము. కడెము కాలువ క్రింద వరి, మెట్టచేలలో పత్తి. ఈ రెండు పంటలే మన యిండ్ల పెండ్లిండ్లను, పిల్లల చదువులను, షావుకారు పద్దులను నిర్ణయించుచున్నవి. కావున ఈ విషయము ఈ సభకు తగినదే యని నమ్మి సాహసించితిని.

మన ప్రాచీనులు దేశమునకు కలుగు ఉపద్రవములను ఆరింటినిగా లెక్కించి వానికి ఈతులని పేరిడిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, చేరువనున్న రాజుల దండు. ఈ యారింటిలో తెగులు లేదు చూడుడు. కంటికి కనబడు శత్రువులనే వారు లెక్కకు దెచ్చిరి. అట్లని వారికి పైరురోగములు తెలియవనుట తప్పు. 6వ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చలివలనను, గాలివలనను, ఎండవలనను చెట్లకు రోగము పుట్టుననియు, ఆకులు పాలిపోవుట, చిగుళ్లు ఎదుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట దాని గురుతులనియు చెప్పియున్నాడు. రోగమునకు హేతువు గ్రామదేవత కోపమని యనక శీతవాతాతపములని యనుట గమనింపదగినది. ఇంకను ముందు కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజు కోష్ఠాగారమునందు వాన కొలుచు పాత్ర నుంచవలెనని విధించెను. అనగా వానను కొలుచుట మన దేశమున చాల పాతపని. తెగులును కొలిచి వ్రాసి యుంచుట మాత్రము మన వారెవ్వరును చేసినట్లు కానరాదు. నేటి మన చిక్కంతయు అక్కడనే యున్నది. ఆ మాటకు మరల వచ్చెదను.

మన రైతులకు జోస్యము లేకపోలేదు. కార్తెలు ఉన్నవి గదా! సూర్యుడొక నక్షత్రమున నుండు పదమూడు పదునాలుగు దినములు ఒక కార్తె. మృగశిరలో విత్తుట, ఆరుద్రలో వాన కెదురుచూచుట, మబ్బుపట్టిన పుబ్బ, ఉత్తర కార్తెలలో పురుగుకు భయపడుట మన పెద్దలు పుట్టుకతో నేర్చినవి. ఈ పద్ధతిని నవ్వుట అజ్ఞానము. తరతరముల అనుభవము అందు మూటగట్టబడి యున్నది. కాని కార్తె యెల్ల జిల్లాలకు ఒక్కటే, ఏటికేటికి మారదు. తెగులు ఏటికేటికి మారును, చేనుచేనుకు మారును. ఈ నడుమ వానలు కూడ కార్తెల మాట వినుట మానినవి.

తెగులు ఎట్లు వచ్చునో ఒకదానిని నిదానముగా చూతము. వరిలో అగ్గితెగులు మీకందరకు తెలిసినదే. దానికి కారణము కంటి కానని యొక శిలీంధ్రము. గాలిలో కొట్టుకొనివచ్చిన దాని బీజము ఆకుపై పడినంతమాత్రమున తెగులు పుట్టదు. ఆకు కొన్నిగంటల సేపు తడిగా నుండవలెను. రాత్రి చల్లగా, 20 డిగ్రీలకు కొంచె మటు నిటుగా నుండవలెను. గాలిలో తేమ నూటికి 90 పాళ్లకు మించవలెను. పైరు యూరియా హెచ్చుగా తిని మెత్తబడి యుండినచో దానికి పండుగయే. అందుచేతనే మంచు కురియు యాసంగి రాత్రులలో ఇది విజృంభించును. మనము రుచికై మోజుపడు సాంబమసూరి, అనగా 1986లో బాపట్లనుండి వెలువడిన బి.పి.టి. 5204, ఈ తెగులునకు తేలికగా లొంగును. బీజము ఆకులో జొచ్చిన తరువాత నూలుకండె యాకారపు మచ్చ పైకి కనబడుటకు నాలుగైదు దినములు మొదలు వారము వరకు పట్టును. మచ్చ కనబడునాటికి అది కొత్త బీజములను వేలకొలది గాలిలోనికి వదలుచుండును. మన మప్పుడు మందునకు పరుగెత్తుదుము. బీజము జొచ్చుటకును మచ్చ తేలుటకును నడుమనున్న ఆ కొద్ది దినములే రైతునకు చిక్కిన గడువు. ఆ గడువును వానికి తెలుపుటయే తెగులు సూచన.

ఆయుర్వేదమున రోగమును తెలిసికొను సాధనము లైదు చెప్పబడినవి. వానిలో నిదానమనగా హేతువు, పూర్వరూపమనగా రోగము పైకి రాకముందు తోచు గురుతు, రూపమనగా స్పష్టమైన లక్షణము. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నచో నేడు ఫోనులలో వినబడు మాటలలోని గందరగోళము తొలగును. 2017లో తెలుగున వెలువడిన ప్లాంటిక్స్ అను సాధనము కలదు. అది జర్మను దేశపువారు నిర్మించినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌ను, ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమును దానికి తోడ్పడినవి. మచ్చపడిన ఆకును ఛాయాచిత్రము తీసిన, అది యే తెగులో చెప్పును. ఇది రూపమును చూచి చెప్పుట. కేంద్రప్రభుత్వము 2024 ఆగస్టు 15న ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ కూడ ముఖ్యముగా నిట్టిదే. 61 పంటలలో 400కు పైగా చీడలను గూర్చినదని చెప్పిరి. ఈ సాధనములు మంచివే. కాని వ్యాధి వచ్చిన తరువాత నాడి చూచువాడు వేరు, రాబోవునని హెచ్చరించువాడు వేరు. నేటి నా విషయము రెండవవానిని గూర్చినది.

హెచ్చరించుట యంత్రములతోనే పుట్టినది కాదు. ఐర్లండు దేశమున 1845లో ఆలుగడ్డ పైరు తెగులుచే కుళ్లి, తదనంతరము ఘోరమైన కరవు వచ్చిన సంగతి చరిత్ర చదివినవారు ఎరుగుదురు. ఆ తెగులును గూర్చి ఇంగ్లండులో బోమాంట్ అను శాస్త్రజ్ఞుడు 1947లో ఒక సూత్రము చెప్పెను. వరుసగా 48 గంటలు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగక, గాలిలో తేమ నూటికి 75 పాళ్లకు తగ్గక యున్నచో తెగులు రానున్నదని రైతును మేల్కొల్పవచ్చును. అంతే! కాగితము, ఉష్ణమాపకము ఉన్న యే బడిపంతులైనను చేయగల పని.

మరి యంత్రము దేనికి? ఒక తెగులునకు రెండు హేతువులే యైనచో మనుష్యుడు సూత్రము కట్టగలడు. కాని పత్తిచేను పురుగునకు పగటి వేడి, రాత్రి చలి, ఉదయపు తేమ, సాయంకాలపు తేమ, వాన, విత్తిన దినము, విత్తనపు రకము, పొరుగుచేని పరిస్థితి, నిరుటి మోళ్లు చేనిలో నిలిచియుండుట మొదలగు పది పదునైదు హేతువులు పెనవేసికొని యుండును. వీనిని మానవబుద్ధి ఒక్కమారు పట్టజాలదు. అందుచేత ఇరువది ముప్పది సంవత్సరముల లెక్కలను యంత్రమున కిచ్చి, ఏ వాతావరణమునకు ఏ ఫలితము వెంటవచ్చెనో దానినే కనుగొనుమందురు. దీనినే మెషీన్ లర్నింగ్ అనుచున్నారు. యంత్రాభ్యాసమని మనము చెప్పుకొనవచ్చును.

తర్కసంగ్రహము నాలుగు పుటలు చదివిన బాలునకు ఇది కొత్త కాదు. కొండపై పొగ చూచి అక్కడ నిప్పున్నదని యూహించుచున్నాము. ఏల? వంటయింట పొగను నిప్పును కూడ పలుమారులు చూచితిమి గనుక. ఆ పలుమారులు చూచుటకు భూయోదర్శనమనియు, దానివలన తేలిన యెడతెగని సంబంధమునకు వ్యాప్తి యనియు పేరు. యంత్రము చేయునదియు భూయోదర్శనమే. మనము పది వంటయిండ్లు చూతుము, అది పదివేలు చూచును. అంతకుమించి దానియందు దివ్యదృష్టి యేమియు లేదు.

నైయాయికులు ఇక్కడనే ఒక హెచ్చరిక చేసిరి. నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని యెవడైన వాదించినచో, పొగ నిప్పువలన గాక తడికట్టెవలన వచ్చెనని చూపి వాని నోరు మూయింతురు. ఆ తడికట్టెకే ఉపాధి యని పేరు. కాలిన యినుపముద్దలో నిప్పున్నది, పొగ లేదు గదా! యంత్రమును సరిగా ఈ గోతిలోనే పడును. 2016లో ప్రకటింపబడిన యొక ప్రసిద్ధ పరిశోధనలో 14 పంటల 26 తెగుళ్లకు చెందిన 54,306 ఆకుల చిత్రములను యంత్రమునకు నేర్పిరి. అదే గుంపులోని చిత్రములతో పరీక్షింపగా నూటికి 99 పాళ్లకు మించి సరిగా చెప్పెను. తరువాత వేరుచోట వేరువిధమున దీసిన చిత్రములు చూపగా సరియైన సమాధానములు నూటికి 31 పాళ్లకు పడిపోయెను! ప్రయోగశాలలో ఒకే తీరు బల్లపై, ఒకే తీరు వెలుతురులో దీసిన చిత్రములను జూచి నేర్చినదానికి ఎండ, నీడ, మన్ను, కలుపు గల నిజమైన చేను అన్యదేశమైనది. వారు ఆ సంఖ్యను దాచక ప్రకటించిరి. అది వారి నిజాయితీ. నూటికి 99 అను మాట యెవరైన మీకు చెప్పినచో, ఏ చేలలో పరీక్షించితిరని యడుగుడు.

ఇక మన తెలుగునేలపై జరిగిన పనిని చూతము. 2016లో ఇక్రిశాట్‌వారును మైక్రోసాఫ్టు సంస్థవారును కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 175 మంది వేరుసెనగ రైతులకు ఎప్పుడు విత్తవలెనో ఫోనులో తెలుగు సందేశముల ద్వారా తెలిపిరి. 1986 మొదలు 2015 వరకు ముప్పదియేండ్ల వాతావరణపు లెక్కలు దానికి ఆధారము. జూను మొదటివారముననే తొందరపడి విత్తక మాసాంతము వరకు ఆగినవారికి దిగుబడి నూటికి 30 పాళ్లు హెచ్చెనని వారు ప్రకటించిరి. ఇది తెగులు సూచన కాదు, విత్తుసూచన. కాని దారి అదియే. మరుసటియేట పత్తికి పట్టు పచ్చదోమ, తామరపురుగు, తెల్లదోమ, పేనుబంకలను గూర్చి తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశములలో 50 గ్రామముల యందలి 3,000 మంది చిన్నరైతులకు ఫోనులో మాటల ద్వారా సూచనలు పంపిరి. ప్రమాదము తక్కువ, నడిమితరము, హెచ్చు అని మూడు మెట్లుగా చెప్పిరి. మైక్రోసాఫ్టుతో కూడి ఆ పని చేసినవారు యు.పి.ఎల్. అను పురుగుమందుల సంస్థవారు. నేను వారిపై దోషము మోపుటలేదు. కాని రోగము చెప్పువాడును మందు అమ్మువాడును ఒక్కడే యైనప్పుడు రోగి కొంచెము మెలకువతో నుండుట లోకధర్మము.

ఖమ్మము జిల్లాలో తెలంగాణ ప్రభుత్వమును ప్రపంచ ఆర్థిక వేదికయు గలిసి సాగు బాగు అను పేర 7,000 మంది మిరపరైతులతో నడపిన ప్రయత్నము ఇంకను పెద్దది. దిగుబడి నూటికి 21 పాళ్లు హెచ్చెననియు, పురుగుమందు వాడకము 9 పాళ్లు తగ్గెననియు నిర్వాహకులు చెప్పిరి. ఈ రెండవ సంఖ్యయే నాకు మొదటిదానికంటె ముఖ్యముగా తోచుచున్నది.

ఏల యనగా, నా పాతవిద్యార్థి యొకడు, నేడు మూడెకరముల పత్తిరైతు, ఒకనాడు నన్నడిగిన ప్రశ్న మీకు వినిపించెదను. వాని భాషలోనే చెప్పుచున్నాను. పండితులు మన్నింతురు గాక. "సారూ, మబ్బు వట్టినప్పుడల్ల దుకాణపాయన మందు గొట్టుమంటడు. ఈ ఫోను ఇప్పుడు గొట్టొద్దంటది. దుకాణపాయన ఉద్దెర ఇస్తడు, ఫోను ఇయ్యది. ఎవల మాట ఇనాలె?" ఈ ప్రశ్నలో వ్యవసాయార్థశాస్త్రమంతయు నున్నది. నేడు మన పల్లెలలో తెగులు జోస్యుడు ఎరువుల దుకాణపు యజమానియే. ఆయన చెడ్డవాడని కాదు; వర్షాకాలమంతయు అప్పు పెట్టి రైతును నిలుపువాడు ఆయనయే. కాని ఆయనకు "ఇప్పుడు మందు అక్కరలేదు" అని చెప్పుటవలన లాభము లేదు. తెగులు సూచనకు గల నిజమైన విలువ మందు కొట్టుమనుటలో కంటె కొట్టవద్దనుటలో నున్నది. ఒక తడవ మందు మానిన డబ్బు మిగులును, మిత్రకీటకములు మిగులును. ఒక్కొక్కప్పుడు ప్రాణము కూడ మిగులును. మన ఆదిలాబాదునకు పెన్‌గంగ ఆవలనున్న యవత్మాళు జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టుచు ఆ విషము సోకి ఇరువది మంది వరకు రైతులు, కూలివారు మరణించుట మనము మరువరాదు. 1997, 1998 సంవత్సరములలో వరంగల్లు జిల్లాలో పురుగుపాలైన పత్తియు, పనిచేయని మందుల యప్పును ఎన్ని యిండ్లను కూల్చెనో పెద్దల కందరకు తెలియును.

పత్తిని గూర్చి ఇంకొంత చెప్పవలసియున్నది. బీటీ విత్తనము మన దేశమున 2002లో అనుమతింపబడినది. 2006లో రెండు జన్యువుల రకము వచ్చినది. కొన్నియేండ్లు కాయతొలుచు పురుగుల పీడ తగ్గి అందరము సంతోషించితిమి. గులాబిరంగు పురుగు మాత్రము మెల్లమెల్లగా ఆ విషమునకు అలవాటుపడెను. గుజరాతునందు మొదట కనబడి, దశాబ్దము తిరుగకముందే దక్కనంతటను వ్యాపించెను. దీని యిక్కట్టేమనగా పురుగు కాయలోపల నుండును. పైకి చేను పచ్చగా, నిండుగా కనబడును. కాయ విచ్చునప్పుడే దూది గారపట్టి, గింజ తొలిచియున్న సంగతి బయటపడును. గుడ్డిపూలు, అనగా రేకులు విచ్చుకొనక ముడుచుకొనిపోయిన పూలు, కొంత పూర్వరూపమును చూపును. కాని అంతకుముందే తెలియు మార్గ మొకటి కలదు. అది లింగాకర్షక బుట్ట. ఆడు రెక్కలపురుగు వాసనను పోలిన వస్తువును బుట్టలో నుంచిన మగపురుగులు వచ్చి పడును. ఒక బుట్టలో రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినచో ఉపాయము చేయవలసిన కాలము వచ్చినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ముంబయిలోని వాధ్వాని సంస్థవారు ఈ బుట్టలో పడిన పురుగులను ఛాయాచిత్రము తీసిన ఫోనే లెక్కించి, చేయవలసినది చెప్పునట్లు ఏర్పరచిరి. ఇట్టి సాధనమున యంత్రపు తెలివి కంటె బుట్ట గొప్పది. బుట్ట లేనిదే యంత్రమునకు కన్ను లేదు.

ఇప్పుడు నేను మొదట విడిచిన మాటకు వచ్చుచున్నాను. యంత్రము నేర్చుటకు రెండు లెక్కలు కావలెను. ఒకటి వాతావరణము, రెండవది తెగులు. మొదటిది మనకు కలదు; నేడు మన మండలములలో వానను, వేడిని, తేమను తామే గుర్తించు స్వయంచాలక కేంద్రము లున్నవి. రెండవది లేదు. నిరుడు దండేపల్లి మండలమున ఏ చేనిలో ఏ వారమున ఉల్లికోడు కనబడెను? మూడేండ్ల క్రిందట జన్నారమున సుడిదోమ ఏ దినమున మొదలయ్యెను? ఏ పుస్తకమున నున్నది? రైతు మనస్సున నున్నది. అది వానితో పోవును. వ్యవసాయ విస్తరణాధికారి ఒక్కొక్కరికి 5,000 ఎకరములు అప్పగింపబడినవి. ఆయన ఎంత శ్రద్ధావంతుడైనను ప్రతివారము ప్రతిచేను గట్టెక్కి చూడజాలడు. లెక్కలేని చోట యంత్రము ఎక్కడిదో లెక్క తెచ్చి మనకు అన్వయించును. కర్నూలు ఎర్రనేల లెక్కను గోదావరి యొడ్డు నల్లరేగడికి అతికించుట యెట్టిదో మీరే యూహింపుడు.

మన పొరుగు మహారాష్ట్రమువారు ఈ విషయమున మనకంటె ముందున్నారు. 2008లో సోయాచిక్కుడు పైరును పొగాకు లద్దెపురుగు నాశనము చేసిన పిదప వారు మేల్కొని, 2009 నుండి సోయా, పత్తి, కంది మొదలగు పంటలపై నిఘాపథకమును నెలకొల్పిరి. గ్రామములలో నియమింపబడిన యువకులు వారము వారము నిర్ణీతమైన చేలకు పోయి చీడలను లెక్కించి వ్రాసిరి. పెన్‌గంగ కీవల ఆ పురుగులే యున్నవి, ఆ పుస్తకములు లేవు.

లెక్కలున్నను యంత్రము మోసపోవు సందర్భములు కలవు. 2018లో కర్ణాటకమున మొదట కనబడిన కత్తెరపురుగు ఆ యేడే మన మొక్కజొన్న చేలకు వచ్చినది. 2021 చివరను నల్ల తామరపురుగు ఖమ్మము, వరంగల్లు, గుంటూరు మిరపచేలను పూతపూతగా రాల్చివేసినది. ఈ రెండును కొత్త శత్రువులు. పాత లెక్కలలో వాని పేరే లేదు గనుక ఏ యంత్రమును వానిని ముందుగా చెప్పజాలదు. అట్టి సమయమున మొదటి హెచ్చరిక చేనిగట్టున నిలిచిన మనుష్యుని నోటినుండియే రావలెను. "ఇదివరకెన్నడు చూడని పురుగు" అని వాడు వ్రాసిన యొక్క పంక్తి వేయి యంత్రముల పెట్టు.

మన యేటి కావలి యొడ్డున జగిత్యాలకు చేరువనున్న పొలాస పరిశోధనస్థానమువారు ఉల్లికోడును తట్టుకొను జగిత్యాల సన్నాలు, అనగా జె.జి.ఎల్. 1798 రకమును మనకిచ్చిరి. అట్టి రకమును పుట్టింపవలెనన్నను తెగులు ఎక్కడ, ఎప్పుడు, ఎంత తీవ్రముగా వచ్చునో ఏండ్ల తరబడి వ్రాసికొన్న లెక్కలే ఆధారము. వారి చేలలో వ్రాసినట్లు మన చేలలో మనమేల వ్రాయరాదు?

అందుచే ఈ సభవారికి నా మనవి యిది. ఈ వానకాలము పది గ్రామములలో గ్రామమున కిద్దరు చదువుకొన్న పిల్లలను ఏర్పరచుదము. వారికి ముద్రించిన పుస్తక మొకటి యిత్తము. తేది, చేని పేరు, విత్తనరకము, విత్తిన దినము, కనబడిన పురుగు లేక మచ్చ, ఎన్ని మొక్కలకు ఎన్నింటికి, బుట్టలో పడిన పురుగుల సంఖ్య, కొట్టిన మందు, ఇంత చాలును. పేర్లు పుస్తకపు భాషలో వ్రాయనక్కరలేదు. అగ్గి, మొగి, పేను, దోమ అని మన యూరి మాటలే వ్రాయవచ్చును. పచ్చదోమయా, తెల్లదోమయా, సుడిదోమయా అని మాత్రము విడమరచి వ్రాయవలెను. ఫోను మాటాడు తెలుగు మన రైతునకు కొరుకుడు పడకపోవుటకు ఇట్టి పేర్ల తికమకయే ముఖ్యకారణము.

రెండు నియమములు కఠినముగా పాటింపవలెను. మొదటిది, చేనిలో ఏమియు లేనినాడు "ఏమియు లేదు" అని వ్రాయుట. మనుష్యస్వభావము కష్టమునే వ్రాసికొనును, సుఖమును వ్రాసికొనదు. తెగులు వచ్చిన దినములే పుస్తకమున నున్నచో, యంత్రము ప్రతి మబ్బునకు తెగులని యరచును. అప్పుడు దానికిని దుకాణదారునికిని భేద మేమి? రెండవది, మందు కొట్టినను ఒక గుంట నేల కొట్టక విడుచుట. ఇది వినగానే రైతులు ముఖము చిట్లింతురు, నాకు తెలియును. కాని ఆలోచింపుడు. తెగులు వచ్చునని సూచన వచ్చినది, రైతు మందు కొట్టెను, తెగులు రాలేదు. సూచన తప్పా? మందు పనిచేసినదా? ఆ విడిచిన గుంట యొక్కటియే సాక్ష్యము చెప్పగలదు. ఆ గుంటపై నష్టము వచ్చినచో దానిని సంఘనిధినుండి రైతునకు పూర్తిగా చెల్లింపవలెనని నా రెండవ మనవి. అందరి మేలునకై ఒకడు తన నేలను సాక్షిగా నిలిపినప్పుడు నష్టమును వాని నెత్తిన నుంచుట ధర్మము కాదు. ధనికులైన పోషకులు ప్రతియేట సన్మానములకు, శాలువలకు వెచ్చించునదానిలో కొంత మిగిల్చినను ఇది జరుగునని నా నమ్మకము. ఈ మాటకు కోపగింపవలదని వేడుచున్నాను.

సూచనలు ఎవరికి చేరవలెనను ప్రశ్న యొకటి మిగిలినది. పట్టాదారు పేరనున్న ఫోనుకే వార్త పోయినచో, ఆయన కరీంనగరమునందో హైదరాబాదునందో కూర్చుండి వినును. కౌలుకు దున్నువానికి తెలియదు. చేనిలో దినమెల్ల వంగి కలుపు తీయుచు, పత్తి యేరుచు మొదటి మచ్చను మొదట చూచువారు స్త్రీలు. వారి చేతిలో ఫోనుండుట అరుదు. కాబట్టి వారమున కొకమారు సూచనను రైతువేదిక గోడపైనను, గ్రామపు మైకులోను ప్రకటింపజేయవలెను. ఆ పుస్తకము వ్రాయు పిల్లలలో సగము మంది ఆడపిల్లలుగా నుండవలెనని కూడ నా యభిప్రాయము.

వ్రాసిన లెక్కలు ఎవరి సొత్తు? నేడు లెక్కలకు వెల కలదు. ఎవరో ఒక సంస్థవారు వచ్చి పిల్లలకు టోపీలు, సంచులు పంచి పుస్తకములను తీసికొనిపోవచ్చును. అసలు పుస్తకము గ్రామమునందే యుండవలెను. ప్రతులను పొలాస స్థానమునకును, బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకును పంపవచ్చును. మరెవ్వరికైనను ఈయవలసినచో గ్రామస్థులు కూర్చుండి, వారు మనకు తిరిగి ఏ సూచన, ఎన్నియేండ్లు, వెల లేక యిత్తురో వ్రాయించుకొన్న పిదపనే యీయవలెను.

ఒక్క యేటి పుస్తకములతో యంత్రమేమియు నేర్వదు. అయిదారేండ్లు విడువక వ్రాసిననే ఆ లెక్కకు బలము వచ్చును. ఈ నడుమ ఫలము కనబడక పిల్లలు విసుగుకొందురు, పెద్దలు ఎగతాళి చేయుదురు. కాని మొదటి యేటినుండియే ఒక లాభము కలదు. బుట్టలో పురుగు ఎనిమిదికి తక్కువగా పడుచున్నదని తన కంటితో చూచిన రైతు ఆ వారము మందు మానును. దానికి యంత్రము అక్కరలేదు.

పత్తి విత్తిన 45 దినములకు బుట్టలు కట్టవలసియుండును గనుక పుస్తకముల ముద్రణము, బుట్టల కొనుగోలు మృగశిర ప్రవేశించులోపల ముగియవలెను. తమ గ్రామమును ఇందు చేర్పగోరు పెద్దలు పిల్లల పేర్లను ఈ సాయంకాలము పంక్తిభోజనములకు పూర్వమే కార్యదర్శిగారికి వ్రాసి యీయగోరుచున్నాను. వారికి పుస్తకము వ్రాయు పద్ధతి నేర్పు పనిని నేను సంతోషముతో పైన వేసికొందును. లక్సెట్టిపేటలో మా యింటి యరుగు మీద ఆదివారమునాడు ఉదయము ఎవరు వచ్చినను సరియే.